గెలవని ఇల్లు అన్న పేరు



"ఆ ఇంట్లో ఎవరికీ కలిసిరాదండీ" అనే మాట వినబడని పల్లె ఉండదు. ఒక ఇంట్లో తండ్రి చేసిన వ్యాపారం దెబ్బ తింటుంది. పెద్దవాడి ఉద్యోగం చేతిదాకా వచ్చి తప్పిపోతుంది. ఆడపిల్ల సంబంధం మాటలదాకా వచ్చి ఆగిపోతుంది. ఈ మూడూ వరుసగా జరిగితే చాలు, రచ్చబండ మీద ఒక పేరు పుడుతుంది. అది ఇంటిపేరుకన్నా గట్టిగా అంటుకుంటుంది. ఇంటిలో చిన్నవాడు బడికి వెళ్లకముందే వాడి బ్రతుకు ఎలా ఉంటుందో ఊరివారు చెప్పేస్తారు.

ఇటువంటి పేరే అమెరికా దేశంలో ఒక కుస్తీ కుటుంబానికి అంటుకుంది. వారు ఆర్మ్‌స్ట్రాంగ్ కుటుంబీకులు. తండ్రి, నలుగురు కుమారులు, అయిదుగురూ రెజ్లింగు చేసి బ్రతికినవారే. తండ్రి 1960లో మొదలుపెట్టాడు. అప్పటినుండి ఆ ఇంటివారు దేశమంతా తిరిగి వేలాది కుస్తీలు పట్టారు. అయినా పెద్ద సంస్థల ప్రపంచ ఛాంపియన్ బెల్టు ఆ అయిదుగురిలో ఒక్కరి నడుముకూ రాలేదు. దానికి "ఆర్మ్‌స్ట్రాంగ్ శాపం" అని పేరు పెట్టారు. ఆ పేరు ఎవరు పెట్టారు? అందులో నిజమెంత? ఈ సంగతి తెలుసుకుంటే మన ఇళ్లలో వాడే మాటలను గురించి కూడా కొంత ఆలోచించగలుగుతాము.

ఇది ఎటువంటి కుస్తీ?

1990లలో మన పల్లెలకు కేబుల్ టీవీ వచ్చినప్పుడు దానితోపాటు డబ్ల్యూడబ్ల్యూఎఫ్ అనే కుస్తీ కార్యక్రమం కూడా వచ్చింది. పిల్లలు అన్నం మాని చూశారు. ఆ మల్లుల బొమ్మలు, ఎత్తు, బరువు, గెలిచిన పోటీల లెక్కలు అచ్చువేసిన కార్డులతో బడి ఆవరణలో ఆడుకున్నారు. ఆ సంస్థ పేరు 2002లో డబ్ల్యూడబ్ల్యూఈ అయింది. ఇవాళ ముప్పై, నలభై ఏళ్ల వయసున్న తండ్రులు చాలామంది ఆ కార్డుల కోసం కొట్లాడినవారే.

మన ఊళ్లలో పండుగలకు జరిగే కుస్తీకి, దీనికి ఒక పెద్ద తేడా ఉంది. మన కుస్తీలో ఎవరు గెలుస్తారో చివరిదాకా తెలియదు. టీవీలో వచ్చే రెజ్లింగులో ఎవరు గెలవాలో నిర్వాహకులు ముందే నిర్ణయిస్తారు. ఇది రహస్యం కాదు. 1989లో ఆ సంస్థవారే న్యూజెర్సీ రాష్ట్ర చట్టసభ ముందు తమది పోటీ కాదు, వినోద ప్రదర్శన అని ఒప్పుకున్నారు. క్రీడలకు ఉండే ప్రభుత్వ తనిఖీలు, పన్నులు తప్పించుకోవడానికే అలా ఒప్పుకున్నారు.

అలాగని అదంతా ఉత్త బూటకం అనుకోకూడదు. పడే దెబ్బలు, విరిగే ఎముకలు నిజమే. మన పక్క కురుక్షేత్రం నాటకం ఆడేవారిని తలచుకోండి. దుర్యోధన వేషం వేసినవాడు ప్రతి రాత్రీ పడిపోవలసిందే. అంతమాత్రాన అతడు చేతగాని నటుడా? దుర్యోధనుడు గట్టిగా నిలబడితేనే భీముడి గదకు విలువ వస్తుంది. పడేవాడు సరిగా పడకపోతే నాటకమే పాడవుతుంది. రెజ్లింగులో కూడా అంతే. ఓడే పాత్రను చక్కగా చేసి, ఎదుటివాడికి దెబ్బ తగలకుండా చూసి, అతణ్ణి వీరుడిగా నిలబెట్టడం ఒక విద్య. ఆ విద్యలో ఆరితేరినవారికి చేతినిండా పని ఉండేది, బెల్టులు మాత్రం తక్కువగా దక్కేవి.

మంటలార్పే ఉద్యోగి

ఆ కుటుంబపు తండ్రి అసలు పేరు జోసెఫ్ జేమ్స్. 1939లో జార్జియా రాష్ట్రంలోని మేరియెటాలో పుట్టాడు. కొంతకాలం మెరైన్ సైన్యంలో పనిచేశాడు. తిరిగివచ్చి అగ్నిమాపక దళంలో ఉద్యోగం చేశాడు. డ్యూటీ లేని రోజుల్లో బాబ్ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే పేరుతో కుస్తీలకు వెళ్లేవాడు. దాదాపు పదేళ్లు ఈ రెండు పనులూ చేశాడు. ఇల్లు గడవాలి, పిల్లలు పెరగాలి, అందుకని స్థిరమైన జీతాన్ని వదలలేదు. కుస్తీతో ఇల్లు నడుస్తుందన్న నమ్మకం కుదిరిన తరువాతే, 1970 ప్రాంతంలో, ఉద్యోగం మానుకున్నాడు.

జార్జియా, అలబామా, టెన్నెసీ ప్రాంతాల్లో జనం అతణ్ణి తమ ఇంటి మనిషిలా చూసుకున్నారు. ఆ ప్రాంతపు బెల్టులు ఎన్నోసార్లు గెలిచాడు. ఒకసారి వ్యాయామశాలలో బరువులెత్తుతుండగా పడుకున్న బల్ల విరిగి, ఇనుప బరువు ముఖం మీద పడింది. ముక్కు నలిగిపోయి ముఖం చెదిరింది. శస్త్రచికిత్సలు జరిగాయి. కోలుకున్నాక ముసుగు వేసుకుని బరిలోకి వచ్చాడు. ఆ ముసుగు మనిషికి "బుల్లెట్" అనే పేరు వచ్చింది. కొంతకాలానికి ముసుగు తీసేసినా ఆ పేరు చివరిదాకా ఉండిపోయింది. ముఖం పాడైపోయిందని ఇంట్లో కూర్చోకుండా దానినే తన గుర్తుగా మార్చుకున్నాడు.

మరి అంత పేరున్నవాడికి ప్రపంచ బెల్టు ఎందుకు రాలేదు? ఆ రోజుల్లో పని జరిగే తీరు తెలిస్తే ఇది అర్థమవుతుంది. 1948లో ఏర్పడిన ఎన్‌డబ్ల్యూఏ అనే సంఘంలో ఒక్కొక్క ప్రాంతానికి ఒక్కొక్క నిర్వాహకుడు ఉండేవాడు. అందరికీ కలిపి ఒకే ప్రపంచ ఛాంపియన్. అతడు ఊరూరా తిరుగుతూ ఆయా ప్రాంతాల ఇష్టుడితో తలపడేవాడు. ఊరి మనిషి గెలిచినంత పని చేయాలి, చివర్లో తప్పిపోవాలి. కాలం అయిపోవడమో, నియమం తప్పాడని ఛాంపియన్‌ను తొలగించడమో జరిగేది. నియమం తప్పి ఓడితే బెల్టు చేతులు మారదు. కాబట్టి ఛాంపియన్ బెల్టుతోనే తరువాతి ఊరికి వెళ్లిపోయేవాడు. "మావాడు ఈసారి తప్పిపోయాడు, వచ్చేసారి తప్పక గెలుస్తాడు" అని జనం మళ్లీ టిక్కెట్లు కొనేవారు.

అంటే బాబ్ ఓడిపోవడం అతని చేతగానితనం కాదు. అతని మీద ఊరికున్న ప్రేమే ఆ వ్యాపారానికి పెట్టుబడి. ఊరి మనిషిని ప్రపంచ ఛాంపియన్‌ను చేస్తే అతడు ఊరు వదిలి దేశం తిరగాలి. అతణ్ణి ఊళ్లోనే ఉంచడం నిర్వాహకుడికి లాభం.

నలుగురు కుమారులు

పెద్దవాడు స్కాట్. తరువాత బ్రాడ్, స్టీవ్, బ్రయన్. నలుగురూ తండ్రి దారినే నడిచారు.

బ్రాడ్‌తో తలపడినవారు అతని పనితనాన్ని ఎంతో మెచ్చుకుంటారు. ఎవరితో పోటీ పెట్టినా ఆ పోటీ బాగుండేలా చేసేవాడు. అయితే నిర్వాహకులు అతనికి సొంత ముఖం ఇవ్వలేదు. ఒకసారి ముసుగు వేసి బ్యాడ్‌స్ట్రీట్ అన్నారు. 1991లో సాలీడు వేషం వేసి అరాక్నమన్ అన్నారు. ఆ వేషం పేరున్న మరో బొమ్మల కథ వీరుణ్ణి పోలి ఉన్నందున తీసేయవలసి వచ్చింది. కొన్నేళ్లకు తమ్ముడి వేషాన్నే వెక్కిరిస్తున్నట్లుగా బజ్‌కిల్ అనే మరో వేషం ఇచ్చారు.

1992 జూలైలో బ్రాడ్ డబ్ల్యూసీడబ్ల్యూ సంస్థలో లైట్ హెవీవెయిట్ బెల్టు గెలిచాడు. కొద్ది వారాలకే మోకాలికి దెబ్బ తగిలింది. సెప్టెంబరులో బెల్టు వదులుకోవలసి వచ్చింది. తరువాత సంస్థవారు ఆ బెల్టునే రద్దు చేశారు. ఇది చూసినవారికి శాపం అనే మాట నోటికి రావడం తేలికే.

స్టీవ్ తన స్నేహితుడు ట్రేసీ స్మదర్స్‌తో జోడీ కట్టి పేరు తెచ్చుకున్నాడు. 1991లో డబ్ల్యూసీడబ్ల్యూలో అమెరికా జోడీ బెల్టు గెలిచారు. స్కాట్ మల్లుడిగా పెద్ద పేరు తెచ్చుకోలేదు, కాని తరువాత డబ్ల్యూడబ్ల్యూఈలో రిఫరీ అయ్యాడు. చారల చొక్కా వేసుకుని, నేలమీద వాలి, మూడు లెక్కబెట్టి మరొకరి చేయి పైకెత్తడం అతని పని అయింది.

చిన్నవాడు బ్రయన్ కథ మరీ వింతైనది. తండ్రిలాగే మెరైన్ సైన్యంలో చేరి గల్ఫ్ యుద్ధకాలంలో పనిచేశాడు. 1994లో డబ్ల్యూడబ్ల్యూఎఫ్‌లో జెఫ్ జారెట్ అనే మల్లుడి వెంట సామాన్లు మోసే సేవకుడి వేషం ఇచ్చారు. జారెట్ వేషం గాయకుడిది. ఆ గాయకుడు వేదిక మీద పెదవులు కదిపితే, వెనుకనుండి పాట పాడిన గొంతు బ్రయన్‌ది. మన సినిమాల్లో నటుడికి నేపథ్య గాయకుడు పాడినట్లన్నమాట. తరువాత 1997లో రోడ్ డాగ్ అనే పేరుతో, బిల్లీ గన్ అనేవాడితో జోడీ కట్టాక అతని దశ తిరిగింది. మైకు పట్టుకుని మాట్లాడుతుంటే వేలాదిమంది అతనితోపాటు ఆ మాటలు పలికేవారు. వారిద్దరూ ఆ సంస్థ జోడీ బెల్టును ఆరుసార్లు గెలిచారు. అందులో చివరిది 2014లో. 1999లో బ్రయన్ ఒక్కడే ఇంటర్‌కాంటినెంటల్ బెల్టు గెలిచాడు. అది ఆ సంస్థలో రెండో మెట్టు బెల్టు.

శాపం ఎక్కడ పుట్టింది?

ఇప్పుడు అసలు సంగతికి వద్దాము. "ఆర్మ్‌స్ట్రాంగ్ శాపం" అన్న మాట ఏ పెద్ద ముసలమ్మో పెట్టింది కాదు. 1990ల చివర్లో డబ్ల్యూసీడబ్ల్యూ కార్యక్రమాల్లో, టీవీలోనే, పదే పదే వినిపించిన మాట అది. అక్కడ బ్రాడ్ పోటీలు వరుసగా ఓడిపోయేవాడు. ఆ ఓటములకు శాపం అనే కథ అల్లారు.

ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. బ్రాడ్ ఓడాలని నిర్ణయించింది ఎవరు? ఆ కార్యక్రమం నడిపేవారే. అతడు ఓడిపోతున్నాడంటే శాపం ఉందన్నది ఎవరు? ఆ కార్యక్రమం నడిపేవారే. కాలువ తూము మూసినవాడే వచ్చి, "ఈ పొలానికి పంట అచ్చిరాదయ్యా" అన్నట్లుంది కదా!

ఇంకొక సంగతి. ఆ మాట నిజం కూడా కాదు. తండ్రికి ప్రాంతపు బెల్టులు లెక్కకు మిక్కిలిగా వచ్చాయి. కొడుకుల్లో ముగ్గురికి పెద్ద సంస్థల్లోనే ఏదో ఒక బెల్టు దక్కింది. చిన్నవాడు జోడీ ఛాంపియన్ ఆరుసార్లు. అందని ఆ ఒక్క మెట్టు మాత్రమే లోకం లెక్కపెట్టింది, ఎక్కిన మెట్లు ఎవరూ లెక్కపెట్టలేదు. పేరు పెట్టేవారి పద్ధతి ఎప్పుడూ ఇంతే. పదోతరగతి తప్పిన కొడుకును చూపి "ఆ ఇంట్లో చదువు లేదు" అంటారు, నర్సు చదివి ఆసుపత్రిలో పనిచేస్తున్న కూతురిని మరచిపోతారు.

శాపం మాట పుట్టించిన డబ్ల్యూసీడబ్ల్యూ 2001లో పోటీ సంస్థకు అమ్ముడుపోయి మూతబడింది. ఆర్మ్‌స్ట్రాంగ్ ఇంటివారు మాత్రం ఆ తరువాత కూడా అదే వృత్తిలో ఉన్నారు.

అసలు పోరాటం

బ్రయన్ జీవితంలో అసలు కుస్తీ బరిలో జరగలేదు. పేరు, డబ్బు వచ్చిన రోజుల్లోనే మత్తుమందులకు, మద్యానికి అలవాటుపడ్డాడు. 2001 నాటికి పెద్ద సంస్థలో ఉద్యోగం పోయింది. చిన్న సంస్థల్లో పనిచేస్తూనే చాలా ఏళ్లు ఆ వ్యసనంతో గడిపాడు. ఈ సంగతులు అతడు దాచుకోలేదు, తానే బహిరంగంగా చెప్పాడు.

2007 నుండి డబ్ల్యూడబ్ల్యూఈ సంస్థ తమ దగ్గర పనిచేసిన పాత మల్లులెవరికైనా వ్యసన విముక్తి చికిత్సకు ఖర్చు భరిస్తూ వచ్చింది. ఈ వృత్తిలో ఎంతోమంది నడివయసు రాకముందే చనిపోతుండడం చూసి ఆ ఏర్పాటు చేశారు. బ్రయన్ కూడా చికిత్స పొంది ఆ అలవాటునుండి బయటపడ్డాడు. తన విశ్వాసాన్ని గురించి కూడా మొహమాటం లేకుండా మాట్లాడతాడు. ఈ గెలుపుకు ఎవరూ బెల్టు కట్టలేదు. కాని దీని ఫలితాన్ని ఎవరూ ముందుగా వ్రాసిపెట్టలేదు. ఇది మాత్రం నిజమైన పోటీ.

తరువాత అతనికి ఆ సంస్థలోనే తెరవెనుక పని దొరికింది. 2019 వరకు స్మాక్‌డౌన్ అనే కార్యక్రమానికి ప్రధాన రచయితల్లో ఒకడిగా ఉన్నాడు. పై అధికారుల మాటే చివరి మాటైనా, ఏ రాత్రి ఎవరి కథ ఎలా నడవాలో కాగితం మీద పెట్టే పని ఇప్పుడు "గెలవని" ఇంటివాడి చేతికి వచ్చింది! 2019 ఏప్రిల్‌లో, అదే కార్యక్రమంలోని కోఫీ కింగ్‌స్టన్ అనే మల్లుడు మొదటిసారి ప్రపంచ బెల్టు గెలిచాడు. అతడు పదకొండేళ్లు రెండో వరుసలో ఉండి, ఎంతోమందిని పైకెత్తినవాడు. ఆ రాత్రి స్టేడియంలో పెద్దవాళ్లు కూడా కన్నీళ్లు పెట్టుకున్నారు.

తండ్రి చివరి రోజులు

2011లో డబ్ల్యూడబ్ల్యూఈ తన గౌరవ జాబితా అయిన హాల్ ఆఫ్ ఫేమ్‌లో బాబ్ ఆర్మ్‌స్ట్రాంగ్‌ను చేర్చింది. ఆ సభ అట్లాంటాలో, అతడు పుట్టిన ఊరికి దగ్గరలో జరిగింది. స్కాట్, బ్రాడ్, బ్రయన్ ముగ్గురూ వేదిక మీద నిలబడి తండ్రిని పిలిచారు. ప్రపంచ బెల్టు లేని మనిషికి వేలాదిమంది లేచి నిలబడ్డారు.

మరుసటి ఏడాది, 2012 నవంబరు 1న, బ్రాడ్ తన ఇంట్లో హఠాత్తుగా మరణించాడు. యాభై ఏళ్ల ప్రాయం. అతడు పోయాక తోటి మల్లులు ఎందరో మాట్లాడారు. అతడు గెలిచిన పోటీలను గురించి కాదు, తమకు నేర్పిన పనిని గురించి, బరిలో తమకు దెబ్బ తగలకుండా చూసుకున్న తీరును గురించి చెప్పుకున్నారు. కొడుకును పాతిపెట్టిన తండ్రి బాధకు ఏ మాటలూ చాలవు.

బాబ్ డెబ్బై దాటాక కూడా అప్పుడప్పుడూ బరిలోకి దిగేవాడు. 2020లో ఎముకల క్యాన్సర్ ఉందని తేలింది. అతడు చికిత్స వద్దనుకున్నాడు. ఆ ఏడాది ఆగస్టు 27న, 80 ఏళ్ల వయసులో కన్నుమూశాడు.

మన ఇళ్లలో

కొన్నిచోట్ల ప్రార్థన కూటాల్లో కూడా "వంశశాపం" అన్న మాట తేలికగా వాడుతున్నాము. ఒక కుటుంబం కష్టంలో ఉండగా ఆ మాట అనడం గాయం మీద కారం చల్లడమే. అనేముందు కారణం వెదకడం మన బాధ్యత. పిల్లవాడు పదోతరగతి తప్పితే వాడికి లెక్కలు చెప్పేవారున్నారా అని అడగాలి. వ్యాపారం దెబ్బతింటే ఏ వడ్డీకి అప్పు తెచ్చారో తెలుసుకోవాలి. మూడేళ్లు పంట పోతే విత్తనమా, నీరా, పురుగా అన్నది చూడాలి. శాపం అన్నామంటే ఆ వెదకడం అక్కడితో ఆగిపోతుంది. తూము మూసినవాడు తప్పించుకుంటాడు.

తల్లిదండ్రులారా, మీ ఇంటిమీద ఎవరైనా ఇటువంటి పేరు వేస్తే దానిని పిల్లల ముందు తిరిగి పలకవద్దు. "మన బ్రతుకులింతే" అని విసుగులో అన్న మాటను పిల్లలు నిజమని నమ్ముతారు. మరి బాబ్ కొడుకులు నలుగురూ ఆ వృత్తిలోకే ఎందుకు వెళ్లారు? ఓడే పని కూడా గౌరవమైన పనే అని వారు చిన్ననాటినుండి ఇంట్లో చూశారు. ఎప్పుడూ వార్తల్లోకి రాకపోయినా తమ తండ్రిని ఊరు ఎంతగా ప్రేమిస్తున్నదో కళ్లారా చూశారు.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. ప్రతి ఊరిలోను మొదటి వరుసలో నిలబడేవాడు ఒక్కడే ఉంటాడు. అతణ్ణి నిలబెట్టేవారు పదిమంది ఉంటారు. పెండ్లిలో దండలు వధూవరులకే వేస్తారు, వంటశాలలో తెల్లవార్లు పొయ్యి దగ్గర కూర్చున్న మేనమామ పేరు ఎవరూ చదవరు. తమ్ముడిని చదివించడానికి బడి మానేసి నాగలి పట్టిన అన్న ఫోటో ఏ పత్రికలోను పడదు. అటువంటివారు మీ ఇంట్లో ఎవరున్నారో ఈ రాత్రి భోజనాల దగ్గర పిల్లలకు చెప్పండి. పేరు పెట్టి చెప్పండి. వారు చేసిన పని ఏమిటో, దానివల్ల ఎవరు పైకి వచ్చారో వివరంగా చెప్పండి. వారు బ్రతికి ఉంటే, వారి ఎదుటనే చెప్పండి.